సోలార్ కరెంటును ఇంటి సాకెట్ దాకా తేవడం: ఇన్వర్టర్ ఎంపిక, లెక్కలు, బిగింపు

సోలార్ పెట్టించుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఎన్ని ప్యానెళ్లు కావాలని. ఆ జవాబు అంత తొందరగా రాదు, రాకూడదు కూడా. ఏ పరికరాలు, ఏ వేళలో, ఎంతసేపు నడవాలో ముందు తేలాలి. దాన్ని బట్టి ఇన్వర్టర్, ఇన్వర్టర్ కోరే వోల్టేజీని బట్టి ప్యానెళ్ల అమరిక. ప్యానెళ్లు ముందే కొనేసినవాళ్లు వాటికి తగ్గ ఇన్వర్టర్ కోసం తిరిగి, చివరికి దొరికినదానితో సర్దుకుంటారు. ఆ తర్వాత మండే ఎండలో సిస్టమ్ ఎందుకు ఆగిపోతోందో తెలియక తల పట్టుకుంటారు. అందుకే ఇక్కడ లెక్క సాకెట్ దగ్గర మొదలై ప్యానెల్ వైపు వెళ్తుంది.

లెక్కలన్నీ 230 వోల్టులు, 50 హెర్ట్జ్ సింగిల్ ఫేజ్ ఇంటికి వేసినవి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ వాడే దేశాల్లో అంకెలు మారతాయి గానీ పద్ధతి ఇదే.

ముందే ఒక మాట. ప్యానెల్‌కు ఆఫ్ స్విచ్ ఉండదు. వెలుతురు పడుతున్నంతసేపు దాని తీగల్లో వోల్టేజీ ఉంటుంది. నాలుగైదు ప్యానెళ్లు వరుసగా కలిపితే 200 వోల్టుల డీసీ, అంటే ప్రాణం తీయగలంత. లెక్కలు, ఎంపిక, కొనుగోలు, తనిఖీ మీరు చేసుకోవచ్చు. మెయిన్ బోర్డు, ఎర్తింగ్, అధిక వోల్టేజీ డీసీ కనెక్షన్లు మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

ఇన్వర్టర్ లోపల ఏం జరుగుతుంది

ప్యానెల్‌లోని ఒక్కో సిలికాన్ సెల్ ఇచ్చేది 0.6 నుంచి 0.7 వోల్టులే. అలాంటివి 72 వరుసగా కలిపితే, ఏమీ తగిలించనప్పుడు ప్యానెల్ చివర్ల మధ్య 50 వోల్టుల దాకా కనిపిస్తుంది. అది ఒకే దిశలో పారే డీసీ. గోడ సాకెట్‌లో ఉండేది సెకనుకు 100 సార్లు దిశ మార్చుకునే ఏసీ. పైగా 230 అనేది సగటు లాంటి ఒక విలువ మాత్రమే. ప్రతి అల శిఖరం దగ్గర వోల్టేజీ 325 దాకా వెళ్తుంది. కాబట్టి ఇన్వర్టర్ దిశ మార్చి ఊరుకుంటే సరిపోదు, వోల్టేజీని పెంచాలి కూడా.

అందులో మొదటి పని ప్యానెల్ నుంచి గరిష్ఠ శక్తిని లాగడం. ప్యానెల్‌కు ఏమీ తగిలించకపోతే వోల్టేజీ పూర్తిగా ఉంటుంది, కరెంటు సున్నా. రెండు తీగలూ షార్ట్ చేస్తే కరెంటు పూర్తిగా ఉంటుంది, వోల్టేజీ సున్నా. రెండు చోట్లా పని జరగదు. ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒక బిందువు దగ్గర వోల్టేజీ, కరెంటుల లబ్ధం అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. ఎండ మారినా, వేడి పెరిగినా ఆ బిందువు జరుగుతూనే ఉంటుంది. దాన్ని వెంటాడే పద్ధతి పేరే ఎంపీపీటీ. ఇన్వర్టర్ వోల్టేజీని కాస్త అటూ ఇటూ కదిపి, శక్తి పెరిగితే అదే దిశలో ఇంకాస్త జరుపుతుంది, తగ్గితే వెనక్కి వస్తుంది. రోజంతా ఇదే పని.

తర్వాత బూస్ట్ సర్క్యూట్ ఆ డీసీని 350–400 వోల్టులకు పెంచుతుంది. అక్కడి నుంచి నాలుగు ఎలక్ట్రానిక్ స్విచ్‌ల వంతెన దాన్ని అందుకుంటుంది. ఎదురెదురు మూలల్లోని జత మూసుకుంటే కరెంటు ఒకవైపు, రెండో జత మూసుకుంటే రెండోవైపు. ఈ స్విచ్‌లు సెకనుకు కొన్ని వేలసార్లు, చాలా మోడళ్లలో 16 వేల నుంచి 20 వేలసార్లు, తెరుచుకుని మూసుకుంటాయి. ఎంతసేపు మూసి ఉంచాలన్నది క్షణక్షణం మారుస్తూ పోతే సగటు వోల్టేజీ సైన్ అల ఆకారంలో లేచి పడుతుంది. చివర్లో కాయిల్, కెపాసిటర్ కలిసి ఆ గరుకునంతా నునుపు చేస్తాయి.

ఇంకో తీరు ఇన్వర్టర్లు కూడా ఉన్నాయి. అవి బ్యాటరీ వోల్టేజీ దగ్గరే ఏసీ తయారుచేసి, పెద్ద ఇనుప ట్రాన్స్‌ఫార్మర్‌తో దాన్ని 230కి పెంచుతాయి. ఎత్తి చూస్తేనే తేడా తెలిసిపోతుంది: ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది ఇద్దరు పట్టాల్సినంత బరువు, సన్నగా గుర్రుమంటుంది, ఊరికే ఉన్నప్పుడూ కాస్త ఎక్కువ తింటుంది. మోటార్లు స్టార్టయ్యే దెబ్బను మాత్రం బాగా తట్టుకుంటుంది. నీళ్ల మోటారు, పెద్ద ఏసీ మిషన్, వర్క్‌షాప్ యంత్రాలు ఉన్నచోట ఆ బరువు వృథా కాదు.

అల ఆకారం గురించి పెద్దగా చర్చ అక్కర్లేదు. ప్యూర్ సైన్‌వేవ్ తీసుకోండి. మోడిఫైడ్ సైన్‌వేవ్ అని అమ్మేది నిజానికి మెట్లు మెట్లుగా ఉండే చతురస్రపు అల. దానిమీద మోటార్లు వేడెక్కుతాయి, ఫ్యాన్లు గుయ్యిమంటాయి, కొన్ని ఛార్జర్లు మొరాయిస్తాయి.

అడుగు 1: ఏ రకం ఇన్వర్టర్?

అసలు ప్రశ్న ఒక్కటే: లైన్ కరెంటు పోయినప్పుడు మీకు వెలుగు కావాలా, వద్దా?

అక్కర్లేదు, బిల్లు తగ్గితే చాలు అంటే గ్రిడ్‌టై ఇన్వర్టర్. బ్యాటరీ ఉండదు, ఖర్చు తక్కువ, సామర్థ్యం 96 నుంచి 98 శాతం. మీరు వాడగా మిగిలింది గ్రిడ్‌లోకి, అంటే విద్యుత్ సంస్థ లైన్‌లోకి, వెళ్తుంది. దీని గురించి ముందే తెలియక చాలామంది కంగుతినే విషయం ఒకటి ఉంది. లైన్ పోతే నడినెత్తిన ఎండ కాస్తున్నా ఇది ఆగిపోతుంది. అది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. లైన్ పోయిందనుకుని స్తంభం ఎక్కిన మనిషికి మీ ఇంటి నుంచి వెళ్లిన కరెంటు తగలకూడదు. ఐఈఈఈ 1547 ప్రమాణం ప్రకారం గ్రిడ్ లేదని గుర్తించి 2 సెకన్లలోపు ఇన్వర్టర్ సరఫరా ఆపేయాలి. 'సోలార్ ఉందిగా, కరెంటు పోయినా మాకేం' అనుకుని కొన్నవాళ్లకు నిరాశ ఎదురయ్యేది ఇక్కడే.

గ్రిడ్ అసలు లేనిచోట ఆఫ్‌గ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి. గ్రిడ్ ఉంది, కానీ తరచూ పోతుంది అంటే హైబ్రిడ్. సోలార్, బ్యాటరీ, గ్రిడ్ మూడింటినీ ఒకే పెట్టె చూసుకుంటుంది. అన్ని హైబ్రిడ్లూ మిగులు కరెంటును గ్రిడ్‌కు పంపలేవు. నెట్ మీటరింగ్ (గ్రిడ్‌కు పంపిన కరెంటును బిల్లులో తగ్గించుకునే ఏర్పాటు) మీ ఆలోచనలో ఉంటే ఆ సౌకర్యం ఉందో లేదో, మీ విద్యుత్ సంస్థ ఆ మోడల్‌ను ఒప్పుకుంటుందో లేదో కొనకముందే కనుక్కోండి.

మైక్రో ఇన్వర్టర్ అంటే ఒక్కో ప్యానెల్ వెనక ఒక్కో చిన్న ఇన్వర్టర్. కప్పు నాలుగు దిక్కులకు వాలి ఉన్నా, చెట్టు నీడ పాక్కుంటూ వస్తున్నా ఇవి మేలు. నీడ లేని చదునైన డాబా మీద వీటికి అదనంగా పెట్టే డబ్బుకు తగ్గ లాభం కనిపించదు.

ఇంట్లో ఇప్పటికే బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే, దాన్ని పారేయకుండా మధ్యలో సోలార్ ఛార్జ్ కంట్రోలర్ (ప్యానెల్ కరెంటుతో బ్యాటరీని అదుపుగా ఛార్జ్ చేసే పెట్టె) పెట్టుకునే దారీ ఉంది. అయితే చవకగా వచ్చే పీడబ్ల్యూఎం కంట్రోలర్ ప్యానెల్ వోల్టేజీని బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది. 42 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు ఇచ్చే 550 వాట్ల ప్యానెల్‌ను 12 వోల్టుల బ్యాటరీకి దాంతో కలిపితే చేతికొచ్చేది 13 వోల్టులు, 13 ఆంపియర్లు, అంటే దాదాపు 170 వాట్లు. మిగతాదంతా పోయినట్టే. ఇప్పటి పెద్ద ప్యానెళ్లకు ఎంపీపీటీ కంట్రోలర్ తప్పనిసరి.

అడుగు 2: ఇంటి లెక్క

కాగితం మీద ప్రతి పరికరం వాట్లు, రోజుకు నడిచే గంటలు రాయండి. రెండూ గుణిస్తే వాట్‌అవర్లు, అవి వెయ్యైతే ఒక యూనిట్. ఒక మామూలు ఇల్లు ఇలా ఉందనుకుందాం:

- 10 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు 6, ఒక్కోటి 5 గంటలు: 300
- 60 వాట్ల ఫ్యాన్లు 3, ఒక్కోటి 10 గంటలు: 1,800
- ఫ్రిజ్, రోజు మొత్తానికి: 1,200
- టీవీ 80 వాట్లు, 4 గంటలు: 320
- రౌటర్ 10 వాట్లు, రోజంతా: 240
- ల్యాప్‌టాప్ 60 వాట్లు, 5 గంటలు: 300
- ఒక హెచ్‌పీ నీళ్ల మోటారు, అరగంట: 500

మొత్తం 4,660. మోటారు దగ్గర ఆగండి. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లే కదా అంటారు. అది మోటారు షాఫ్టు ఇచ్చే శక్తి. దానికోసం లైన్ నుంచి లాక్కునేది వెయ్యి వాట్ల దాకా ఉంటుంది.

ఇక దాదాపు ఎవరూ రాయని పద్దు ఒకటుంది, ఇన్వర్టర్ సొంత తిండి. ఆఫ్‌గ్రిడ్, హైబ్రిడ్ ఇన్వర్టర్లు ఏ లోడూ లేకపోయినా 20 నుంచి 60 వాట్లు తింటూ ఉంటాయి. 40 వాట్లే అనుకున్నా రోజుకు 960 వాట్‌అవర్లు, అంటే ఇంచుమించు మీ ఫ్రిజ్ అంత. అవసరానికి మించి పెద్ద ఇన్వర్టర్ కొనొద్దనేది ఇందుకే. దీన్ని కలిపితే మన అవసరం రోజుకు 5.6 యూనిట్లు.

అడుగు 3: ఇన్వర్టర్ ఎంత పెద్దది?

ఇక్కడ యూనిట్లతో పని లేదు. ఒకేసారి ఎన్ని వాట్లు నడుస్తాయన్నదే చూడాలి. ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు 150 వాట్లనుకుంటే పై జాబితాలో మోటారు తప్ప మిగతావన్నీ కలిపి 540, మోటారుతో 1,540. రెండు కిలోవాట్ల ఇన్వర్టర్ చాలుననిపిస్తుంది. కానీ మోటారు తిరగడం మొదలయ్యే ఆ క్షణంలో మామూలుకు నాలుగు నుంచి ఆరు రెట్లు లాగుతుంది. ఐదు రెట్లనుకుంటే 5,000, దానికి 540 కలిపితే 5,540 వాట్లు. కాబట్టి నిరంతరం 3 కిలోవాట్లు ఇస్తూ, కొద్ది సెకన్లు 6 కిలోవాట్లు తట్టుకునే మోడల్ కావాలి. ఆ రెండో అంకెను స్పెసిఫికేషన్ షీట్‌లో సర్జ్ అనో పీక్ అనో రాస్తారు. ఎంతసేపు తట్టుకుంటుందో కూడా చూడండి. 5 సెకన్ల సర్జ్‌కు, 20 మిల్లీసెకన్ల సర్జ్‌కు పోలికే లేదు.

పెట్టె మీద కేవీఏ అని ఉంటే పవర్ ఫ్యాక్టర్‌తో గుణించాలి. 5 కేవీఏ, పవర్ ఫ్యాక్టర్ 0.8 అంటే మీకొచ్చేది 4 కిలోవాట్లే. ఈ ఒక్క అక్షరం తేడాతో చాలా బేరాలు చవకగా కనిపిస్తుంటాయి.

అడుగు 4: బ్యాటరీ (గ్రిడ్‌టై అయితే దీన్ని వదిలేసి ముందుకెళ్లండి)

మొదట వోల్టేజీ. 3 కిలోవాట్లు 12 వోల్టుల బ్యాటరీ నుంచి తీయాలంటే నష్టాలతో కలిపి 280 ఆంపియర్లు. వేలి లావు తీగలు కావాలి, బోల్టు కాస్త వదులైనా కరిగిపోతుంది. అదే 48 వోల్టుల దగ్గర 70 ఆంపియర్లు. వెయ్యి వాట్ల లోపైతే 12, రెండువేల దాకా 24, ఆపైన 48 అని పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

తర్వాత సామర్థ్యం. సూర్యాస్తమయం తర్వాత నడిచేవి మాత్రమే లెక్కేయండి. ఫ్యాన్లు, బల్బులు, టీవీ పూర్తిగా, ఫ్రిజ్, రౌటర్, ఇన్వర్టర్ సొంత వాడకంలో సగం వేస్తే 3,620 వాట్‌అవర్లు. మార్పిడిలో పదో వంతు పోతుందనుకుంటే బ్యాటరీ ఇవ్వాల్సింది 4 యూనిట్లు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 80 శాతం దాకా వాడుకోవచ్చు కాబట్టి 5 యూనిట్లది చాలు. 51.2 వోల్టులు, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) బ్యాటరీ సరిగ్గా అంతే ఉంటుంది. లెడ్ యాసిడ్‌ను సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు పడిపోతుంది, కనుక 8 యూనిట్లు కావాలి. 12 వోల్టులు, 200 ఏహెచ్ బ్యాటరీలు నాలుగు వరుసగా కలిపితే 9.6 వస్తుంది.

లిథియం తీసుకునేటప్పుడు బీఎంఎస్ (బ్యాటరీని లోపలి నుంచి కాపాడే సర్క్యూట్) గరిష్ఠ కరెంటు చూడటం మర్చిపోవద్దు. మన ఉదాహరణలో మోటారు స్టార్టయ్యే క్షణాన బ్యాటరీ మీద 130 ఆంపియర్ల దాకా పడుతుంది. ఇన్వర్టర్ తట్టుకున్నా బీఎంఎస్ ఒప్పుకోకపోతే ఇల్లంతా చీకటి. మోటారును మెల్లగా స్టార్ట్ చేసే సాఫ్ట్ స్టార్టర్ గానీ, దాని వేగాన్ని అదుపు చేసే వీఎఫ్‌డీ గానీ పెడితే ఈ దెబ్బ బాగా తగ్గుతుంది. పెద్ద ఇన్వర్టర్, పెద్ద బ్యాటరీ కొనడం కంటే అదే తెలివైన ఖర్చు.

అడుగు 5: ప్యానెళ్ల లెక్క, స్ట్రింగ్ లెక్క

ఎన్ని వాట్లన్నది తేలిక. 5.6 యూనిట్లు కావాలి. వేడి, దుమ్ము, బ్యాటరీ, మార్పిడి నష్టాలన్నీ పోను 70 శాతం మిగులుతుందనుకుంటే ప్యానెళ్లు 8 యూనిట్లు తయారుచేయాలి. మీ ప్రాంతంలో పూర్తి ఎండతో సమానమైన గంటలు రోజుకు సగటున 4.5 అయితే 1.78 కిలోవాట్లు కావాలి. మబ్బు రోజులకు కాస్త మిగులు పెట్టుకుని 550 వాట్ల ప్యానెళ్లు నాలుగు.

ఇప్పుడు అసలు పని. నాలుగింటినీ సిరీస్‌లో, అంటే ఒకే వరుసగా, కలపాలా, రెండేసి జతలుగానా? అలా వరుసగా కలిపిన ప్యానెళ్లనే స్ట్రింగ్ అంటారు. ఇది తేల్చేది ఇన్వర్టర్ షీట్‌లోని రెండు అంకెలు: డీసీ గరిష్ఠ వోల్టేజీ, ఎంపీపీటీ పరిధి. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద ఉండే అంకెలన్నీ చదరపు మీటరుకు 1,000 వాట్ల ఎండ, 25 డిగ్రీల సెల్ వేడి దగ్గర కొలిచినవి. కప్పు మీద ఆ పరిస్థితి అరుదు. చలికి వోల్టేజీ పెరుగుతుంది, వేడికి తగ్గుతుంది. రెండు చివరలూ లెక్కేయాలి.

మన ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ 49.8, ఉష్ణోగ్రత గుణకం డిగ్రీకి మైనస్ 0.27 శాతం అనుకుందాం. అతి చల్లని తెల్లవారుజామున 10 డిగ్రీలుంటే, 25 కంటే 15 డిగ్రీలు తక్కువ. 15ను 0.27తో గుణిస్తే దాదాపు 4 శాతం. ప్యానెల్ వోల్టేజీ 51.8 అవుతుంది, నాలుగుకు 207. మీ ప్రాంతంలో చలి సున్నాకో, అంతకంటే కిందికో దిగితే ఆ అంకె వేసుకోండి. ఇన్వర్టర్ గరిష్ఠం 500 అయితే నిశ్చింత, 9 ప్యానెళ్ల దాకా వెళ్లొచ్చు. అదే గరిష్ఠం 145 అయితే నాలుగూ సిరీస్ కుదరదు, రెండేసి కలిపి ఆ జతలను పారలల్‌లో (ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్) పెట్టాలి.

ఈ గరిష్ఠం విషయంలో సర్దుబాటు లేదు. ప్యానెల్ వాట్లు ఎక్కువైతే ఇన్వర్టర్ తనకు కావలసినంతే తీసుకుని ఊరుకుంటుంది. 5 కిలోవాట్ల గ్రిడ్‌టై ఇన్వర్టర్‌కు 6 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టడం మామూలే. ప్యానెళ్లు స్టిక్కర్ వాట్లు ఇచ్చే గంటలు ఎలాగూ తక్కువ కాబట్టి అది మంచిదే. వోల్టేజీ పరిమితి దాటితే మాత్రం లోపలి స్విచ్‌లు, కెపాసిటర్లు కాలిపోతాయి. ఆ రికార్డు ఇన్వర్టర్ మెమరీలో ఉండిపోవచ్చు, అప్పుడు వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

రెండో చివర వేడి. మండే ఎండలో సెల్ 70 డిగ్రీలకు చేరుతుంది. పనిచేసేటప్పటి వోల్టేజీ 41.9, గుణకం 0.35 శాతం అయితే 45 డిగ్రీలకు 15.75 శాతం తగ్గి 35.3 మిగులుతుంది. నాలుగుకు 141. ఎంపీపీటీ పరిధి 120 నుంచి మొదలైతే సరిపోయింది. ఖర్చు తగ్గించుకుందామని మూడే పెట్టి ఉంటే 106. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, మంచి ఎండవేళ ఆగిపోయే సిస్టమ్ వెనక చాలాసార్లు ఉండేది ఈ లెక్కే.

నీడ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మామూలు ప్యానెల్‌లో మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి, ఒక్కోటి మూడో వంతు సెల్స్‌ను చూసుకుంటుంది. ఒక మూల నీళ్ల ట్యాంకు నీడ పడితే ఆ మూడో వంతంతా పక్కకు తప్పుకుంటుంది. తూర్పుకు, పడమరకు వాలిన ప్యానెళ్లను ఒకే స్ట్రింగ్‌లో కలపొద్దు. రెండు ఎంపీపీటీ ఇన్‌పుట్లు ఉన్న ఇన్వర్టర్ తీసుకుని విడివిడిగా ఇవ్వండి.

అడుగు 6: తీగలు, బ్రేకర్లు, ఎర్తింగ్

తీగలో ఎంత వోల్టేజీ పోతుందో ఇలా చూడండి: రెండింతల దూరాన్ని ఆంపియర్లతో, 0.0175తో గుణించి, తీగ మందాన్ని చదరపు మిల్లీమీటర్లలో తీసుకుని దానితో భాగించాలి. ప్యానెళ్ల నుంచి 20 మీటర్లు, 13 ఆంపియర్లు, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయితే 2.3 వోల్టులు. 150 వోల్టుల స్ట్రింగ్‌లో అది ఒకటిన్నర శాతం, ఫరవాలేదు. ఎండకు, వానకు తట్టుకునే సోలార్ డీసీ కేబులే వాడాలి. ఇంటి లోపలి వైరింగ్‌కు వాడే తీగ తొడుగు కొన్నేళ్లలోనే పగుళ్లిస్తుంది.

బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు దూరం రెండు మీటర్లు దాటకుండా చూడండి. మన 70 ఆంపియర్లకు 35 చదరపు మిల్లీమీటర్ల తీగ, బ్యాటరీకి వీలైనంత దగ్గరలో 125 ఆంపియర్ల డీసీ ఫ్యూజు సరిపోతాయి. లిథియం బ్యాటరీ షార్టయితే వేల ఆంపియర్లు పారతాయి, అంత కరెంటును తెంచగల రకం ఫ్యూజు కావాలి. లగ్గులను (తీగ చివర తొడిగే లోహపు బిళ్లలను) సరైన క్రింపింగ్ టూల్‌తోనే నొక్కించండి. సుత్తితో కొట్టి అతికించిన లగ్గు బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల వేడెక్కుతూ ఉంటుంది.

డీసీ వైపు ఏసీ బ్రేకర్ పెట్టడం చాలాచోట్ల కనిపించే ప్రమాదం. ఏసీ సెకనుకు 100 సార్లు సున్నా మీదుగా పోతుంది కాబట్టి స్విచ్ తెరిచినప్పుడు పుట్టిన నిప్పురవ్వ అప్పుడే ఆరిపోతుంది. డీసీలో ఆ సున్నా రాదు, రవ్వ మంటలా నిలబడి బ్రేకర్‌నే కరిగిస్తుంది. స్ట్రింగ్ వోల్టేజీకి తగ్గ డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్లను ఇన్వర్టర్ నుంచి విడదీసే స్విచ్) కావాలి. కొన్ని డీసీ బ్రేకర్లకు ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. తిరగేసి కలిపితే అవసరమైన రోజున పనిచేయవు. కరెంటు పారుతుండగా ఎంసీ4 కనెక్టర్‌ను (ప్యానెల్ తీగల చివర ఉండే ప్లగ్గును) ఊడదీయకూడదనేది కూడా ఈ కారణంతోనే. ఒక కంపెనీ మగ కనెక్టర్‌ను ఇంకో కంపెనీ ఆడ కనెక్టర్‌తో కలపొద్దు. అతికినట్టే ఉంటాయి, కాలేది అక్కడే.

మూడు, అంతకంటే ఎక్కువ స్ట్రింగ్‌లు పారలల్‌లో ఉంటే ఒక్కోదానికి విడిగా ఫ్యూజు కావాలి. ఒకటి పాడైతే మిగతావాటి కరెంటంతా దానిలోకి వెనక్కి వస్తుంది. రెండే ఉంటే వచ్చేది ఒక స్ట్రింగ్ కరెంటు, 14 ఆంపియర్లు. 25 ఆంపియర్ల ఫ్యూజు దాకా తట్టుకునే ప్యానెల్‌కు ఫరవాలేదు. మూడుంటే 28 అవుతుంది, అది ఆ హద్దు దాటినట్టే.

డీసీ వైపు, ఏసీ వైపు టైప్ 2 ఎస్‌పీడీలు (సర్జ్ ప్రొటెక్షన్ డివైస్‌లు) పెట్టించండి. దగ్గర్లో పడిన పిడుగు వల్ల వచ్చే వోల్టేజీ పోటును ఇవి భూమిలోకి పంపుతాయి. నేరుగా మీద పడే పిడుగును ఆపేది ఇవి కాదు. ప్యానెల్ ఫ్రేములు, స్టాండు, ఇన్వర్టర్ బాడీ అన్నీ ఎర్త్‌కు కలపాలి. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఇన్వర్టర్లలో ప్యానెల్ ప్లస్ గానీ మైనస్ గానీ ఎర్త్ చేయకూడదు, ఫ్రేము మాత్రమే.

ఆఫ్‌గ్రిడ్ సిస్టమ్‌లో ఎలక్ట్రీషియన్లు కూడా తరచూ వదిలేసేది న్యూట్రల్. ఇన్వర్టర్ అవుట్‌పుట్ న్యూట్రల్ ఎర్త్‌తో ఒకచోట కలిసి ఉండకపోతే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే బ్రేకర్) ఉన్నా షాక్ నుంచి కాపాడలేదు. కొన్ని ఇన్వర్టర్లు ఆ కలపడం లోపలే రిలేతో చేసుకుంటాయి, కొన్ని చేయవు. మాన్యువల్‌లో ఆ పేజీ ఎలక్ట్రీషియన్‌కు చూపించి, ఒక్కచోటే కలిసేలా చూసుకోండి. ఇన్వర్టర్ అవుట్‌పుట్‌ను ఇంటి సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా నడిపే పద్ధతి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఒకసారికి ఒక్క సోర్సునే కలిపే చేంజ్‌ఓవర్ స్విచ్ లేకుండా ఏ సోర్సునూ మెయిన్ బోర్డుకు కలపకూడదు.

అడుగు 7: ఎక్కడ పెట్టాలి

నీడలో, గాలి ఆడేచోట, గోడకు. ఐపీ65 (దుమ్ము, నీటి జల్లు తట్టుకుంటుందనే గుర్తు) అని రాసి ఉన్నా ఎండ నేరుగా పడనివ్వొద్దు. చాలా ఇన్వర్టర్లు చుట్టూ 45 డిగ్రీలు దాటితే తమంతట తామే పవర్ తగ్గించుకుంటాయి. లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికీ సగమవుతుందని ఇంజినీర్లు లెక్కేస్తారు. లెడ్ యాసిడ్ బ్యాటరీలకు సరిగ్గా పైన అసలు పెట్టొద్దు. ఛార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే అంటుకుంటుంది, ఆమ్లపు ఆవిరి బోర్డులను తినేస్తుంది.

అడుగు 8: మొదటిసారి ఆన్ చేయడం

ముందు మల్టీమీటర్. ఐసొలేటర్ ఆఫ్‌లో ఉండగా స్ట్రింగ్ ప్లస్, మైనస్ సరిగ్గా ఉన్నాయో చూసి వోల్టేజీ కొలవండి. మన నాలుగు ప్యానెళ్లకు ఎండలో 180 నుంచి 190 కనిపించాలి. 140 దగ్గర ఆగితే ఒక ప్యానెల్ కలవలేదన్నమాట. బ్యాటరీ ధ్రువాలు కూడా రెండుసార్లు చూడండి, తిరగేస్తే ఇన్వర్టర్ అక్కడికక్కడే పోవచ్చు.

తర్వాత వరుస ఇది: మొదట బ్యాటరీ, తర్వాత లోడ్ లేకుండా ఇన్వర్టర్, అవుట్‌పుట్‌లో 230 వోల్టులు, 50 హెర్ట్జ్ వచ్చాయని చూశాక సోలార్ ఐసొలేటర్, ఆపైన గ్రిడ్, చివరికి లోడ్లు ఒక్కొక్కటిగా. మోటారు అన్నిటికంటే ఆఖరు. బ్యాటరీ తగిలించేటప్పుడు టప్పుమని రవ్వ వస్తే భయపడొద్దు, ఇన్వర్టర్ కెపాసిటర్లు నిండుతున్నాయి. ప్రీఛార్జ్ రెసిస్టర్ వాడితే అదీ రాదు. ఆపేటప్పుడు ఇదే వరుస తిరగేయండి: లోడ్లు, గ్రిడ్, సోలార్, ఇన్వర్టర్, చివరగా బ్యాటరీ. మూత తీయాల్సి వస్తే అన్నీ ఆపాక మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి, సాధారణంగా 5 నుంచి 10 నిమిషాలు. కెపాసిటర్లలో మిగిలిన వోల్టేజీ కూడా ప్రాణాంతకమే.

సెట్టింగుల్లో మొదటిది బ్యాటరీ రకం. 48 వోల్టుల లెడ్ యాసిడ్‌కు ఛార్జింగ్ 57.6, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజీ) 54 వోల్టులు, ఛార్జింగ్ కరెంటు ఏహెచ్‌లో పదో వంతు, అంటే 200 ఏహెచ్‌కు 20 ఆంపియర్లు. 16 సెల్స్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు 56 నుంచి 57.6 మధ్య బ్యాటరీ కంపెనీ చెప్పినంత, కటాఫ్ 48 దగ్గర. లిథియం వోల్టేజీ ఖాళీ అయ్యేదాకా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, దాన్ని చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. అందుకే బీఎంఎస్ కమ్యూనికేషన్ కేబుల్ కలిపి, ఇన్వర్టర్‌లో ఆ బ్యాటరీ ప్రోటోకాల్ ఎంచుకోండి. సున్నా డిగ్రీల కింద లిథియం బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు. గ్రిడ్‌కు కలిపేదైతే మీ దేశం గ్రిడ్ కోడ్ (గ్రిడ్ వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ హద్దుల సెట్టింగు) సరిగ్గా ఎంచుకున్నారో లేదో చూడండి.

అడుగు 9: అంకెలు చదవడం, తప్పు పట్టుకోవడం

మంచి ఎండలో మన 2,200 వాట్ల ప్యానెళ్లు 1,600–1,800 చూపిస్తే బాగా పనిచేస్తున్నట్టే. కానీ మిట్టమధ్యాహ్నం 300 వాట్లే కనిపిస్తోందని టెన్షన్ పడి ఫోన్లు చేసేవాళ్లు చాలామంది. బ్యాటరీ నిండిపోయి, ఇంట్లో వాడకం లేకపోతే ఆఫ్‌గ్రిడ్ సిస్టమ్ అంతే తీసుకుంటుంది. ఒక ఇస్త్రీ పెట్టె ఆన్ చేసి చూడండి, అంకె వెంటనే లేస్తే ప్యానెళ్లు బాగున్నట్టే.

వాన పడ్డాక, లేదా మంచు కురిసిన తెల్లవారుజామున ఇన్సులేషన్ ఫాల్ట్ (తీగల నుంచి ఎర్త్‌కు కరెంటు లీకవుతోందనే హెచ్చరిక) వచ్చి ఎండెక్కాక పోతుంటే ఎక్కడో కనెక్టర్‌లోకి నీరు దిగుతోంది, లేదా తీగ తొడుగు ఫ్రేముకు రాసుకుని చిట్లింది. దానంతటదే పోతోంది కదా అని వదిలేయొద్దు. గ్రిడ్‌టై ఇన్వర్టర్ మధ్యాహ్నాలు మాత్రమే గ్రిడ్ ఓవర్ వోల్టేజీ అని ఆగిపోతుంటే ముందుగా ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా ఉన్న ఏసీ తీగ మందం చూడండి. కరెంటు బయటికి పంపాలంటే ఇన్వర్టర్ తన వోల్టేజీని గ్రిడ్ కంటే కాస్త పెంచాలి. తీగ సన్నగా ఉంటే ఇంకా పెంచాల్సి వచ్చి హద్దు దాటుతుంది. తీగ సరిపోయినంత ఉండి, మీటరు దగ్గరే వోల్టేజీ ఎక్కువగా ఉంటే అది విద్యుత్ సంస్థ సరిచేయాల్సిన పని.

మోటారు వేయగానే బ్యాటరీ లో వోల్టేజీ అలారం మోగితే వెంటనే బ్యాటరీని తప్పుపట్టొద్దు. మోటారు స్టార్టయ్యే క్షణంలో బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర ఒకసారి, ఇన్వర్టర్ టెర్మినళ్ల దగ్గర ఒకసారి వోల్టేజీ కొలవండి. రెండింటి మధ్య ఒక వోల్టుకు మించి తేడా ఉంటే లోపం తీగలోనో, లగ్గులోనో, ఫ్యూజు బిగింపులోనో ఉంది. అన్నీ ఆపి, ఆ మూడింటినీ మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు బిగించి మళ్లీ కొలవండి. ఫ్యాను జాలీల దుమ్ము కూడా అదే రోజు దులిపేయొచ్చు.